వాగు ఒడ్డున విడిది

కార్తికమాసము వచ్చినదన్న మన యిండ్లలో వనభోజనముల మాట వచ్చును. ఉసిరిచెట్టు నీడను వంట చేసికొని, పిల్లలతో నాడిపాడి, ప్రొద్దు గ్రుంకకమునుపే గిన్నెలు సర్దుకొని యింటికి మరలుదుము. అడవిలో రాత్రి గడపుట మన ఆచారములో లేదు. కాని నేడు మన ఆడపిల్లలెందఱో అమెరికాలో కాపురముండి, వేసవి రాగానే భర్తలతోను పిల్లలతోను కొండలకు పోయి, జాతీయారణ్యములలో వాగుల యొడ్డున డేరాలు వేసికొని రెండు మూడు రాత్రులు గడపుచున్నారు. వారిని చూడబోయిన తల్లులును అత్తలును గూడ వెంట వెళ్లుచున్నారు. ఆ విధముగనే నేనును 2023 జూలైలో మా అమ్మాయి కుటుంబముతో కొలరాడో రాష్ట్రములోని యొక కొండలోయలో రెండు రాత్రులుంటిని. అచట చూచినవియు, తెలిసికొన్నవియు మన పిల్లలకు పనికివచ్చునని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట జాతీయారణ్యమనగా నేమో చెప్పెదను. అమెరికాలో 1891వ సంవత్సరపు చట్టమువలన, ప్రభుత్వభూములలోని కొన్ని యడవులను ప్రజలందఱి సొత్తుగ ప్రత్యేకించుటకు దేశాధ్యక్షునికి అధికారము కలిగెను. 1897లో చేసిన మఱియొక చట్టము, అడవులను కాపాడుటకు గల ముఖ్యకారణములలో నీటి ప్రవాహములు చక్కగ సాగునట్లు చూచుట యొకటియని పేర్కొనెను. 1905లో నివి వ్యవసాయశాఖకు లోబడిన అటవీశాఖ చేతికి వచ్చినవి. గిఫర్డు పించో యనునాయన ఆ శాఖకు మొదటి యధిపతి. ఇప్పుడు జాతీయారణ్యములు 154. ఆ శాఖవారి పచ్చికబయళ్లను గూడ కలుపుకొన్నచో మొత్తము విస్తీర్ణము దాదాపు 19 కోట్ల 30 లక్షల యెకరములు. నేషనల్ పార్కులు వేఱు, ఇవి వేఱు. పార్కులలో ప్రకృతిని ఉన్నదున్నట్లు కాపాడుటయే ప్రధానము. జాతీయారణ్యములలోనైతే కలప తీయుట, పశువులను మేపుట, నీటివనరుల రక్షణ, విహారము మొదలగు పనులన్నియు నిబంధనలకు లోబడి సాగును.

మేము వెళ్లినది రూజ్వెల్టు జాతీయారణ్యములోని పూడర్ నదీలోయ. పూర్వము ఫ్రెంచివారు తుపాకిమందును దాచిపెట్టిన తావగుటచే ఆ నదికి ఆ పేరు వచ్చినదందురు. 1986లో దేశచట్టము క్రింద స్వేచ్ఛాప్రవాహముగ రక్షింపబడిన నదులలో నిది చేరెను. కొలరాడోలో నట్టి రక్షణ పొందిన మొదటి నది యిదియే. ఆ నదిలో గలియు నొక కొండవాగు ప్రక్కన మా విడిది.

విడిదియనగా మన సత్రము వంటిది కాదు. చెట్ల నడుమ నొక మట్టిబాట, బాటకు రెండువైపుల అంకెలు వేసిన కొయ్యగుంజలు. ఒక్కొక్క గుంజ యొక్కొక్క కుటుంబమునకు. అచట చదును చేసిన నేల, భోజనమునకు బల్ల, దానికే అతికించిన కూర్చుండు పలకలు, నిప్పు వేసికొనుటకు గుండ్రని యినుపచట్రము, ఇంతియే. విద్యుద్దీపములు లేవు. నీటికి చేతిపంపు. మరుగుదొడ్లు గలవు గాని వానిలో నీరుండదు, అడుగున లోతైన తొట్టి యుండును. కొన్ని స్థలములను నెలల ముందే ఇంటర్నెట్టులో రుసుము చెల్లించి పట్టుకొనవలయును. కొన్ని ముందువచ్చినవారివి. వీరు రుసుమును కవరులో నుంచి యచటి యినుపపెట్టెలో వేయుదురు. సాధారణముగ 14 దినములకు మించి యుండనీయరు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వఱకు సద్దు చేయరాదు. విడిదిని కనిపెట్టియుండుటకు పలుచోట్ల వృద్ధదంపతులు స్వచ్ఛందముగ ముందుకు వచ్చి వేసవి యంతయు నచటనే కాపురముందురు.

మేము చేరునప్పటికి మధ్యాహ్నము రెండు గంటలు. పైన్ వృక్షముల సువాసన, చిఱుగాలికే గలగలలాడు ఆస్పెన్ ఆకులు, రాళ్లపై దుముకు నీటి రొద మా ప్రయాణపు బడలికను మఱపించినవి. వాగు పదునైదడుగుల వెడల్పు, మోకాలిబంటి లోతు. అడుగునున్న గులకఱాళ్లను లెక్కపెట్టవచ్చునంతటి తేట. రెండు స్థలములు ఖాళీగ నుండెను. ఒకటి వాగునకు పదియడుగుల దూరమున, నీటికంటె రెండు మూడడుగుల యెత్తున నున్నది. రెండవది బాటకావల మెట్టపైన, చెట్లలో నున్నది. “అమ్మమ్మా! ఇచటనే, నీటి ప్రక్కనే యుందము” అని పిల్లలు పట్టుపట్టిరి. నాకును అదియే యిష్టముగ నుండెను. గోదావరి యొడ్డున పెరిగినదానను. నీటిచప్పుడు వినుచు నిదురించుటకంటె సుఖమేమి యనుకొంటిని. మా అల్లుడు డేరా విప్పసాగెను.

అంతలో విడిదిని కనిపెట్టు వృద్ధురాలు వచ్చెను. నెరసిన జుట్టు, ఎండకు కమిలిన ముఖము, నెమ్మదియైన మాట. ఏ స్థలము తీసికొనుటయు మీ యిష్టమే యని చెప్పి, ఒక్క ప్రశ్న యడిగెను. “రాత్రి చీకటిలో నీరు పైకి వచ్చినచో, పిల్లలను దీసికొని మీరు ఏ వైపునకు ఎక్కెదరు?”

మేము చుట్టును చూచితిమి. డేరాకు ముందు వాగు, వెనుక కారు, కారు వెనుక బాట. ఆ బాటయు వాగు వెంబడియే దిగువకు పోవుచున్నది. గట్టెక్కుటకు దారి యెచటనున్నదో మాలో నెవరును చూచియుండలేదు. ఆకాశము నిర్మలముగ నుండెను. “వాన జాడయే లేదు గదా!” అని మా అమ్మాయి యనెను. “ఇచట కురియనక్కఱలేదు. పైన కొండలలో కురిసిన చాలును” అని యామె బదులు చెప్పెను. మా అల్లుడు మాటాడక డేరా మడచి మెట్టపైకి మోసెను. పిల్లలు మూతులు ముడుచుకొనిరి. నిజము చెప్పవలెనన్న, నాకును కొంచెము చిన్నతనముగ దోచెను.

ఇక వంట సంగతి. ఆ విడిది సుమారు 7,500 అడుగుల యెత్తున నున్నది. అంత యెత్తున గాలియొత్తిడి తక్కువ యగుటచే, సముద్రతీరమున 100 డిగ్రీల వేడికి మరగు నీరు 92 డిగ్రీలకే మరగును. ఎంత మంట పెట్టినను అంతకు మించి వేడియెక్కదు. కనుక గిన్నెలో వేసిన కందిపప్పు ఉడుకుటకు చాల ఎక్కువసేపు పట్టును. అన్నమును అట్లే యుండును. మా అమ్మాయి చిన్న ప్రెషరు కుక్కరును, గ్యాసుపొయ్యిని తెచ్చుటచే బ్రదికిపోయితిమి. అది లేనివారు అటుకులు, రవ్వ, పలుచని పెసరపప్పు తీసికొనిపోవుట మేలు. నైలాను చీరెలతో నిప్పుచెంత నిలువరాదు. నూలుబట్టలు కట్టుకొని కుచ్చెళ్లు ఎగదోపుకొనవలయును.

మన యలవాట్లలో కొన్ని అచట మానుకొనవలసియున్నవి. ఏటిలో గిన్నెలు తోముట, బట్టలుతుకుట మనకు పరిపాటి. అచట సబ్బునీరు వాగులో కలియరాదు. వాగునకు 200 అడుగులు, అనగా పెద్దవారి నడకలో సుమారు 70 అడుగులు, ఎడముగ పోయి కడుగుకొనవలయును. వాగునీరు ఎంత తేటగ నున్నను పచ్చిగ త్రాగరాదు. అడవిమృగముల మలముతో చేరు జియార్డియా యను సూక్ష్మజీవి వారములకొలది విరేచనములు కలిగించును. 6,500 అడుగులకు పైబడిన తావులలో నీరు తెర్లి మరగసాగిన పిదప మూడు నిమిషములు కాచి చల్లార్చి త్రాగవలయును. ఇక నల్ల ఎలుగుబంట్లు. తినుబండారములే కాదు, సబ్బు, పండ్లపొడి, తలనూనె గూడ డేరాలో నుంచరాదు. వాసన గల ప్రతివస్తువును అచటి యినుపపెట్టెలో గాని, తాళము వేసిన కారులో గాని పెట్టవలయును. మా ఆవకాయ సీసా రెండు రాత్రులును ఇనుపపెట్టెలోనే నిదురించినది.

సాయంకాలము నెగడు ముందు కూర్చుండగా ఆ వృద్ధురాలు మరల వచ్చి, మా అమ్మాయి యిచ్చిన టీ పుచ్చుకొని, ఆ ప్రశ్న తా నందఱినీ ఏల యడుగుచున్నదో చెప్పెను. మా లోయకు దక్షిణమున బిగ్ థామ్సన్ అను మఱియొక లోయ గలదు. అదియు ఆ యడవి ప్రాంతములోనిదే. 1976 జూలై 31, శనివారము. కొలరాడో రాష్ట్రమేర్పడి మఱునాటికి నూఱేండ్లు నిండును. సెలవుదినములకని వేలకొలది జనులు లోయలో దిగియుండిరి. సాయంకాలము లోయ పైభాగమున ఉఱుములతో మేఘము పట్టి, కదలక నిలిచి, కొలదిగంటలలో కొన్ని తావుల 12 అంగుళముల వరకు వాన కురిసెను. లోయ దిగువనున్నవారికి ఆ సంగతి తెలియలేదు. ఆ రాత్రి వచ్చిన వఱదలో 144 మంది మరణించిరి. ప్రజలను హెచ్చరించుచు తిరిగిన పోలీసు ఉద్యోగు లిరువురును వారిలో నుండిరి. కార్లలో నెక్కి బాటవెంబడి దిగువకు పరుగిడినవారు పలువురు నీటికి చిక్కిరి. కారును వదలి కొండచఱియ నెక్కినవారు పలువురు బ్రదికిరి. అందువలననే నేడు కొలరాడో లోయలలో, వఱద వచ్చినచో కొండ యెక్కి ప్రాణము దక్కించుకొనుడని తెలుపు పలకలు నాటియున్నవి. మేమును వచ్చునపుడు అట్టి పలకలను చూచియే వచ్చితిమి. వాని యర్థము నాకు అప్పుడు గాని తెలియలేదు.

ఇట్టిదే మఱియొకటి. ఆర్కాన్సా రాష్ట్రములోని వాషిటా జాతీయారణ్యమున, లిటిల్ మిసోరి యను చిన్న యేటి యొడ్డున ఆల్బర్టు పైకు అను విడిది గలదు. 2010 జూన్ 11 తెల్లవారుజామున డేరాలలోను బండ్లలోను జనులు గాఢనిద్రలో నుండగా, ఎగువ కొండలలో కురిసిన వానకు ఆ యేఱు పొంగెను. దిగువనున్న కొలబద్దవద్ద నీరు కొన్ని గంటలలో 3 అడుగులనుండి 23 అడుగులకు పైగ లేచినది. వడి మిక్కుటమైన వేళ గంటకు 8 అడుగుల చొప్పున పెరిగినది. వాతావరణశాఖవారు రాత్రి రెండు గంటల ప్రాంతమున హెచ్చరిక వెలువరించిరి. కాని ఆ లోయలో సెల్లుఫోనులు పనిచేయవు. నిదురించువారికి ఆ మాట చేరలేదు. 20 మంది మరణించిరి. వారిలో పసిబిడ్డలును ఉండిరి. పిమ్మట అచట రాత్రి బసను మాన్పించిరి.

కొండవాగు ఇంత త్వరగ నేల పొంగునని మీరడుగవచ్చును. మన గోదావరి, కృష్ణ పొంగునపుడు ఎగువనుండి ఒకటి రెండు దినముల ముందే వార్త వచ్చును. నీరు మెల్లమెల్లగ నెక్కును. కొండవాగు అట్లు కాదు. వాలు ఎక్కువ, నేల పలుచన, అడుగున బండ. పడిన వాన యింకక, నాలుగువైపుల చఱియలనుండి జాఱి, గరాటులో పోసినట్లు ఆ యిఱుకుదారిలోనికే వచ్చును. నీరు పల్లమెఱుగు నని మన పెద్దలన్నారు. డేరాకు చదునుగ, మెత్తగ, అందముగ కానవచ్చు ఆ యొడ్డునేల పూర్వపు వఱదలు ఇసుకయు ఒండ్రుమట్టియు తెచ్చి పోసినదే. అనగా నీరు నడచిన త్రోవయే మనము పరుపు పఱచుకొనుచున్న తావు.

అడవి కాలినచోట నీ యపాయము మఱింత యధికము. చెట్టుచేమలు కాలునపుడు వానిలోని మైనము వంటి పదార్థము నేలలోనికి దిగి మట్టి రేణువులకు పట్టి, నీరు ఇంకనీయదు. 2020లో ఈ ప్రాంతమున కామెరాన్ పీక్ అను పేర రేగిన కార్చిచ్చు 2,08,000 ఎకరములకు పైగ దహించెను. అప్పటికి ఆ రాష్ట్రమున నమోదైన కార్చిచ్చులలో నదియే పెద్దది. మఱుసటి యేడు, 2021 జూలై 20న, ఆ కాలిన కొండలపై కురిసిన వానకు పూడర్ లోయలో బురదయు మ్రానులును కలిసి వఱదగ దిగివచ్చి, నలుగురు ప్రాణములు గోలుపోయిరి. కావున నెగడును పూర్తిగ ఆర్పుట గూడ వఱదనుండి కాపాడు పనియే. బూడిదపై నీరు పోసి, కఱ్ఱతో కలియద్రిప్పి, మరల పోసి, చేతి వెనుకభాగమునకు వేడి తగులనంతవఱకు అట్లే చేయవలయును. పైన బూడిద చల్లగ నున్నదని విడిచిపోరాదు. కట్టెలను దూరప్రాంతమునుండి తీసికొనిపోరాదు, చెట్లకు చేటుచేయు పురుగులు వానితో వచ్చును.

రెండవనాడు మేము వదలిన ఆ క్రింది స్థలమునకు యువదంపతులు చంటిబిడ్డతో వచ్చి దిగిరి. వారినిని వృద్ధురాలు అడిగియే యుండును. అయినను వారచటనే డేరా వేసికొనిరి. రాత్రి పదునొకండు గంటలకు ఎగువనుండి ఉఱుములు వినబడసాగినవి. మాపై చినుకు పడలేదు. కొంతసేపటికి క్రింద లాంతరు వెలుగు కదలుట చూచితిని. ఆ వృద్ధురాలు వారిని లేపి మెట్టపైకి తీసికొనివచ్చుచుండెను. ఆ పిల్ల చంటివానిని దుప్పటిలో చుట్టుకొని, చలికి వణకుచు మా బల్లవద్ద కూర్చుండెను. మా అమ్మాయి పాలు వెచ్చబెట్టియిచ్చినది. తెల్లవారువఱకు ఆడవారమందఱము మేలుకొనియే యుంటిమి.

ఉదయమున పోయి చూడగా వాగు జానెడు పెరిగి, నీరు ఎఱ్ఱబడి, గులకఱాళ్లు కానరాకయుండెను. ఎండుపుల్లలును ఆకులును తేలిపోవుచుండెను. క్రింది స్థలము మాత్రము తడియలేదు. వారి డేరా ఉన్నచోటనే యున్నది. “అనవసరముగ నిద్ర చెడినది” అని యా యువకుడు నవ్వెను. అతని భార్య నవ్వలేదు. బిడ్డను భుజముపై వేసికొని చాలసేపు ఆ నీటివంక చూచుచు నిలిచి, తరువాత వృద్ధురాలివద్దకు పోయి యామె చేతులు పట్టుకొనెను. వారు డేరాను మెట్టకు మార్చుకొనిరి.

సోదరీమణులారా! కొండలకు పోవద్దని నేను చెప్పుటలేదు. ఆ రెండు దినములలో మా మనుమలు ఫోను ముట్టలేదు. ట్రౌటు చేప రాతినీడను నిలుచుట చూచిరి. పైన్ కాయలు ఏఱుకొనిరి. రాత్రి పాలపుంతను చూపగా నోరు తెఱచుకొని చూచిరి. అట్టి సుఖము బిడ్డలకు దక్కవలసినదే. అయితే స్థలము నిర్ణయించుట మగవారి పనియని యూరకుండక, వంటపాత్రలు దింపకమునుపే కొన్ని సంగతులు విచారించుకొనుడు.

నీటికంటె చాలినంత యెత్తుగల తావు చూచుకొనుడు. ఎక్కుదారిని పగటివేళనే పిల్లలచేత ఒకమాఱు నడిపింపుడు. బయలుదేరుటకు ముందు వాన సూచనలు తెలిసికొనుడు. ఫోను పనిచేయని లోయలకు వాతావరణశాఖవారి ప్రసారములు వినవచ్చు చిన్న బ్యాటరీ రేడియోను తీసికొనిపొండు. రాత్రి చేతిదీపమును, చెప్పులను తలవైపున నుంచుకొనుడు. నీరు బురదరంగుకు తిరిగినను, పుల్లలు తేలివచ్చినను, వాగు రొద హెచ్చినను తెల్లవారువఱకు ఆగవద్దు. డేరాను, సామానును, కారును వదలి గట్టెక్కుడు. వడిగ పాఱునీరు 6 అంగుళములున్న పెద్దవారిని పడవేయును. 12 అంగుళములున్న చిన్నకారును ఈడ్చుకొనిపోవును. దానిని దాట ప్రయత్నింపరాదు.

మీ అమ్మాయియో కోడలో ఈ వేసవికి కొండలలో విడిది చేయుచున్నామని ఫోనులో చెప్పినపుడు, స్వెట్టర్లు తీసికొంటిరా, పచ్చళ్లు పెట్టుకొంటిరా యని అడుగుట మనకు సహజము. వానితోపాటు ఆ వృద్ధురాలి ప్రశ్ననుగూడ అడుగుడు: రాత్రి నీరు వచ్చినచో బిడ్డలను దీసికొని ఏ వైపునకు ఎక్కెదరు? వెంటనే బదులు చెప్పగలిగిరా, నిశ్చింతగ నుండుడు. తడబడిరా, దారి చూచుకొన్న పిదపనే డేరా వేయుడని చెప్పుడు.